బంగాళాఖాతంలో సున్నా శాతం

ఆ ఆటలో విశాఖపట్నం ఒక ఆరు మూలల గడి. గడి వెడల్పు 40 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 74 కిలోమీటర్లు. భీమిలి, సింహాచలం, అనకాపల్లి అన్నీ అందులో ఇమిడిపోతాయి. గడి మీద నొక్కితే ఒక పట్టిక తెరుచుకుంటుంది. రేవు స్థాయి ఎంత, ఎయిర్‌ఫీల్డ్ స్థాయి ఎంత, ఇంధనం ఎంత, సరుకు ఎంత, ఏ దళాలున్నాయి అని వరసగా చెబుతుంది. జనం ఎంతమంది అన్న వరస మాత్రం ఉండదు.

ఆట పేరు 'వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్'. 2009లో మ్యాట్రిక్స్ గేమ్స్ విడుదల చేసింది. 1941 డిసెంబరు నుంచి పసిఫిక్ యుద్ధం మొత్తాన్ని రోజుకొక టర్ను చొప్పున ఆడాలి. అంటే పూర్తి ఆటకి పదిహేను వందల టర్నుల దాకా పడుతుంది. ఇద్దరు కూర్చుని రోజుకొక టర్ను పంపుకున్నా నాలుగేళ్ళు. గ్రాఫిక్స్ గురించి అడక్కండి. చూడ్డానికి మా ఆఫీసులో ఎవరూ వాడని పాత ఎక్సెల్ షీటులా ఉంటుంది. అయినా దీన్ని వదలని పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. జూబ్లీహిల్స్‌లో ఒకణ్ణి నేను.

ఈ వ్యాసం ఆట గురించి కాదు. ఆటలోని ఒకే ఒక్క స్క్రీను గురించి, ఆ స్క్రీను నాకు మన తీరం చరిత్రలో చూపించిన ఒక రోజు గురించి. ఆ రోజు 1942 ఏప్రిల్ 6, సోమవారం.

ఫైటర్లంటే

నేనుండే చోట ఫైటర్ అంటే అర్థం వేరు. ఫిల్మ్‌నగర్ టీ కొట్టు దగ్గర 'రేపు ఇరవై మంది ఫైటర్లు కావాలి' అని ఎవరైనా ఫోన్లో అంటుంటే, అది ఫైట్ మాస్టర్ మనిషి అని అర్థం. ఆ ఇరవై మందీ ఒకేసారి హీరో మీద పడరు. ముగ్గురు పడతారు, నలుగురు వెనక ఊగుతూ ఉంటారు, మిగతావాళ్ళు చెట్టు కింద కూర్చుని టీ తాగుతుంటారు. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎవరి ఒంట్లో ఇంకా ఓపిక ఉందో చూసుకోవడమే మాస్టర్ పని.

విమాన వాహక నౌక మీది ఫైటర్ల లెక్కా దాదాపు ఇంతే. నౌక మీద ఇరవై ఫైటర్ విమానాలుంటే ఇరవయ్యీ గాల్లో ఉండవు. కొన్ని నౌక నెత్తిన గస్తీ తిరుగుతాయి. దీన్ని కాంబాట్ ఎయిర్ పెట్రోల్ అంటారు, పొట్టిగా క్యాప్. కొన్ని డెక్కు మీద పెట్రోలు పట్టించుకుంటూ, తూటాలు నింపుకుంటూ ఉంటాయి. కొన్నిటికి రిపేరు. ఇక అసలు చిక్కు: మన బాంబర్లు శత్రువు మీదికి వెళ్ళేటప్పుడు వాటికి తోడుగా వెళ్ళాల్సినవీ ఈ ఫైటర్లే. ఇంటి కాపలాకీ, పెళ్ళివారి వెంట వెళ్ళడానికీ ఉన్నది ఒకే జట్టు.

ఆటలో ప్రతి ఫైటర్ గ్రూపుకీ ఒక స్క్రీను ఉంటుంది. క్యాప్ ఎంత శాతం, విశ్రాంతి ఎంత శాతం, శిక్షణ ఎంత శాతం, ఎంత ఎత్తులో తిరగాలి, ఎంత దూరం వెళ్ళాలి అని నింపాలి. క్యాప్ 80 శాతం పెడితే నౌక భద్రంగా ఉంటుంది, బాంబర్లు ఒంటరిగా వెళ్ళి చస్తాయి. 20 పెడితే బాంబర్లు తిరిగొస్తాయి, దిగడానికి నౌక ఉండకపోవచ్చు. రోజూ ఎక్కువ పెడితే పైలట్ల అలసట పెరుగుతుంది, అలసిన పైలట్లు శత్రువు లేకపోయినా దిగేటప్పుడు విమానాలు పగలగొడతారు. ఏ అంకె వేసినా అది ఎవరో ఒకరి నెత్తి మీద గొడుగు తీసేయడమే. ఈ స్క్రీనులో సరైన జవాబు ఉండదు. నూటికి వంద అని ఒక హద్దు ఉంటుంది, అంతే.

విమానం స్వభావం కూడా ఈ లెక్కలో కలుస్తుంది. జపాను వారి జీరో ఫైటర్ అప్పట్లో అద్భుతం. కానీ తొలి నమూనాల్లో దాని పెద్ద ఫిరంగికి ఉన్నవి ఒక్కోదానికి 60 గుళ్ళు. మీట నొక్కి పట్టుకుంటే ఏడు సెకన్లలో ఖాళీ. ఆ తర్వాత చిన్న తుపాకులతో నెట్టుకురావాలి, లేదా దిగి మళ్ళీ నింపుకోవాలి. గాల్లో ఉన్న ఫైటర్లన్నీ పోరాడగలిగిన ఫైటర్లు కావు.

ఆ వారం ఎవరి ఆకాశంలో ఏమున్నాయి

1942 ఏప్రిల్ మొదటివారం బంగాళాఖాతాన్ని ఈ శాతాల కళ్ళతో చూడండి.

దక్షిణాన అడ్మిరల్ నగుమో. ఐదు పెద్ద క్యారియర్లు: అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు. పెర్ల్ హార్బర్ మీద పడ్డ ఆరింటిలో ఒక్క కాగా తప్ప అన్నీ. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం పొద్దున కొలంబో మీదికి వీళ్ళు పంపింది 91 బాంబర్లు, వాటికి తోడు 36 ఫైటర్లు. అంత పంపాక కూడా సొంత నౌకల మీద గస్తీకి మిగిలేంత బలం.

ఆ గస్తీ ఎలా పనిచేసిందో ముందురోజే తెలిసింది. కెనడా పైలట్ లియొనార్డ్ బిర్చల్ నడుపుతున్న క్యాటలీనా విమానం ఈ నౌకాదళాన్ని చూసింది. జీరోలు దాన్ని కూల్చేశాయి, కానీ ఆ లోపే వైర్‌లెస్ సందేశం వెళ్ళిపోయింది. శ్రీలంకకి ఒక రాత్రి ముందుగా కబురందింది ఆ విధంగానే.

శ్రీలంకలో బ్రిటిష్ వారి హరికేన్ ఫైటర్లు ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో చూస్తే అప్పటి పరిస్థితి తెలుస్తుంది. మార్చిలో ఇండోమిటబుల్ అనే క్యారియర్ వాటిని మోసుకొచ్చి దించింది. యుద్ధం చేయాల్సిన క్యారియర్ ఫైటర్లకి లారీగా మారింది. అడ్మిరల్ సోమర్‌విల్ చేతిలో ఇండోమిటబుల్, ఫార్మిడబుల్, ముసలి హెర్మిస్, మూడు క్యారియర్లున్నాయని కాగితం మీద గొప్పగా ఉంటుంది. మూడింటి ఫైటర్లూ కలిపినా నలభై మించవు. పగటిపూట నగుమోకి ఎదురుపడకుండా దూరంగా తిరగడమే ఆయన చేసిన తెలివైన పని.

కాపలా లేని నౌకలకి ఏమైందో ఆ రోజే తేలింది. డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లు ఒక్క ఫైటర్ తోడు లేకుండా బహిరంగ సముద్రంలో దొరికాయి. కొద్ది నిమిషాల్లోనే రెండూ మునిగాయి. 424 మంది చనిపోయారు.

నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 9న హెర్మిస్ వంతు. బట్టికలోవా దగ్గర మునిగినప్పుడు ఆ క్యారియర్ మీద ఒక్క విమానం కూడా లేదు. దాని స్క్వాడ్రన్‌ని ఒడ్డున వదిలేసి, రేవులో ఉంటే దెబ్బతింటుందని హడావిడిగా బయల్దేరింది. విమానాలు మోయడానికే పుట్టిన ఓడ, ఖాళీ డెక్కుతో, 307 మందితో మునిగిపోయింది.

అదే రోజు అటువైపు కూడా ఒక విచిత్రం జరిగింది. తొమ్మిది బ్లెన్‌హైమ్ బాంబర్లు నగుమో నౌకల దాకా వెళ్ళి, బాంబులు నీళ్ళల్లో పేలేదాకా ఎవరికీ కనబడలేదు. అకాగి పక్కనే నీళ్ళు ఎగిసిపడ్డాక గాని పైన తిరుగుతున్న గస్తీకి తెలియలేదు. ఆ తర్వాత జీరోలు వెంటపడ్డాయి, తొమ్మిదిలో సగానికి పైగా తిరిగి రాలేదు. కానీ విషయం బయటపడింది. రాడార్ లేని నౌక మీద క్యాప్ ఎంత శాతం పెట్టినా, అది చూడగలిగినంతే కాస్తుంది. రెండు నెలల తర్వాత మిడ్వేలో జరగబోయేది ఇదే. కింద టార్పెడో విమానాల వేటలో జీరోలు మునిగి ఉండగా, పైనుంచి డైవ్ బాంబర్లు వచ్చాయి.

ర్యూజో

ఇదంతా దక్షిణాన. మన తీరానికి వచ్చింది వేరే జట్టు. అడ్మిరల్ ఒజావా ఆరేడు క్రూయిజర్లతో, కొన్ని డిస్ట్రాయర్లతో, ఒకే ఒక్క చిన్న క్యారియర్‌తో బర్మాలోని మెర్గుయి నుంచి బయల్దేరి, అండమాన్ దాటి బంగాళాఖాతంలోకి వచ్చాడు. ఆ క్యారియర్ పేరు ర్యూజో.

ర్యూజో ఒక లొసుగు నుంచి పుట్టిన ఓడ. 1922 వాషింగ్టన్ ఒప్పందం ఏ దేశానికి ఎన్ని టన్నుల క్యారియర్లు ఉండొచ్చో లెక్కగట్టింది, కానీ పదివేల టన్నుల లోపువాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ సందులోంచి దూరడానికి జపాన్ ఈ చిన్న ఓడని మొదలుపెట్టింది. కట్టడం సాగుతుండగా 1930 లండన్ ఒప్పందం ఆ సందు మూసేసింది. అప్పటికే పైన ఇంకో హ్యాంగర్ ఎక్కించేశారు. పైబరువు ఎక్కువైన ఓడ, తర్వాత మళ్ళీ మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది. నౌకాదళంలో చేరింది 1933లో. అదే ఏడాది డిసెంబరులో విశాఖ రేవు ప్రారంభమైంది. ఈడు కలిసిన జంట.

ఏప్రిల్ 6న ఒజావా తన నౌకల్ని మూడు గుంపులుగా విడగొట్టి తీరం పొడవునా వేటకి వదిలాడు. కలకత్తా నుంచి మద్రాసు వైపూ, అటునుంచి ఇటూ తోడు లేకుండా పోతున్న సరుకు ఓడలు వాళ్ళకి దొరికాయి. ఆ కొద్దిరోజుల్లో ఇరవై దాకా ఓడలు మునిగాయి, లక్ష టన్నులకి అటూ ఇటూ. ర్యూజో విమానాలు అప్పట్లో కోకనాడ అని పిలిచే కాకినాడ మీద, వైజాగపటం మీద బాంబులు వేశాయి. భారత ప్రధాన భూభాగం మీద జపాన్ వేసిన మొదటి బాంబులు మన రెండు ఊళ్ళ మీద పడ్డాయి.

నగుమో దళంతో పోలిస్తే ర్యూజో మోసిన విమానాలు చాలా తక్కువ. ఆటలో నేను జపాన్ పక్షాన ఆడేటప్పుడు ఆ ఓడతో ఒంటరిగా శత్రుతీరానికి వెళ్ళాలంటే భయపడతాను. ఉన్న కొద్ది ఫైటర్లలో సగం కాపలాకి పెడితే, తోడు పంపడానికి మిగిలేవి గుప్పెడు. మరి ఒజావా ఎలా వెళ్ళగలిగాడు? అటువైపు అంకె తెలుసు గనక. కాకినాడ, విశాఖల మీద ఫైటర్లు సున్నా. విశాఖలో తీరగస్తీ కోసం ఉంచిన విమానాలు వాపిటీలు, 1920ల నాటి రెండు రెక్కల బండ్లు. ఓడల్ని చూసి రావడానికి పనికొస్తాయి, జపాన్ విమానం వెంటపడలేవు.

ఇన్నాళ్ళూ ఈ బాంబుల కథని 'హఠాత్తుగా' అనే మాటతో చెప్పుకున్నాం. ఎక్కడో పుట్టిన యుద్ధం, తుపానులాగా ఒక మధ్యాహ్నం మన మీదికి వచ్చి పోయిందన్నట్టు. ఫైటర్ స్క్రీను ముందు ఇన్ని గంటలు కూర్చున్నాక ఆ మాట నా నోట రావడంలేదు. ఉన్న కొద్ది హరికేన్లని శ్రీలంకకి పంపాలని ఎవరో నిర్ణయించారు. రబ్బరు, నౌకాస్థావరం, సూయజ్‌కి వెళ్ళే దారి, అన్నీ ఆలోచించి వేసిన అంకె అది. వాళ్ళ కుర్చీలో నేనున్నా బహుశా అదే అంకె వేస్తాను. కానీ కొలంబోకి వంద వేయడమంటే విశాఖకి సున్నా వేయడమే. ఆ సున్నాని ఎక్కడా ఎవరూ విడిగా రాసి సంతకం పెట్టరు. ఇంకో గడిలో వేసిన అంకె వల్ల అది దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పాలనలో చాలా సున్నాలు ఇలాగే వస్తాయి. విశాఖ జనం ఆ నిర్ణయంలో లేరు. ఆ నిర్ణయం తీసుకున్న సామ్రాజ్యాన్ని వాళ్ళు ఎన్నుకోనూ లేదు.

పట్టికలో లేని వరస

ఆటలో ర్యూజోతో విశాఖ మీద దాడి చేస్తే మీకు వచ్చేది నాలుగు వరసల రిపోర్టు. రేవుకి ఎంత దెబ్బ, ఎన్ని ఓడలకి తగిలింది, మన విమానాలు ఎన్ని పోయాయి. నిజంగా ఆ రోజు రిపోర్టు కూడా సైనిక దృష్టిలో అంతకన్నా పెద్దదేం కాదు. బాంబులు కొన్నే, ప్రాణనష్టం తక్కువ. పేలని ఒక బాంబు ఇవాళ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలు దాని పక్కన ఫొటోలు దిగుతారు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా అమ్మమ్మ వాళ్ళు విశాఖ పాతూరివాళ్ళు. అప్పటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. మా ఇంట్లో వయసుల లెక్క 'బాంబులేసిన ఏడు'తో చెప్పేవారు. ఫలానా పిన్ని బాంబులేసిన ఏడు కడుపులో ఉంది, ఫలానా మావయ్య బాంబులకి రెండేళ్ళ ముందు. అమ్మమ్మ చెప్పిన దాంట్లో నాకు గుర్తుండిపోయింది ఒకటే: "విమానాలొస్తుంటే మనవే అనుకుని పిల్లలందరం వీధిలోకొచ్చి చేతులూపాంరా." మనవి అనేవి అక్కడ లేవని పిల్లలకి ఎవరు చెబుతారు? ఆ రాత్రే రెండెడ్ల బండి కట్టుకుని చోడవరం బంధువుల ఇంటికి పోయారు. తలుపుకి తాళం వేశారో లేదో అన్న గొడవ మా తాతల దాకా నడిచింది.

ఒక్క మా ఇల్లే కాదు. ఊరు ఊరంతా లోపలి పల్లెలకి కదిలింది. మద్రాసులో కూడా ఆ ఏప్రిల్‌లోనే, అవసరం లేనివాళ్ళు నగరం వదిలి వెళ్ళమని ప్రభుత్వం చెప్పడంతో జనం రైళ్ళకి ఎగబడ్డారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తు గుంటూరుకి తరలింది, యుద్ధం ముగిశాక గాని తిరిగి రాలేదు. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం పని ఆగింది, సామాను బొంబాయికి తరలించారు. అక్కడ మొదటి ఓడ 'జల ఉష' నీళ్ళల్లోకి దిగింది 1948 మార్చిలో, నెహ్రూ చేతుల మీదుగా. గుప్పెడు విమానాల దాడి ఒక విశ్వవిద్యాలయాన్ని, ఒక షిప్‌యార్డుని, ఒక నగరాన్ని కదిలించింది. ఇది బాంబుల బలం అనుకోను. పైన ఎవరూ లేరని ఒక్క రోజులో అందరికీ తెలిసిపోవడం దాని బలం. సింగపూర్ ఫిబ్రవరిలో పడిపోయింది, రంగూన్ మార్చిలో. ఇంగ్లీషువాడు కాపాడతాడన్న నమ్మకం మీద మిగిలిన పొర ఏప్రిల్‌లో మన తీరంలో ఊడిపోయింది. ఆ ఆగస్టులో 'క్విట్ ఇండియా' వచ్చింది. ఒకదానికి ఇంకోటి కారణం అని చెప్పను గానీ, కాపాడలేనివాడు ఏలడం ఏంటన్న ప్రశ్నకి విశాఖ, కాకినాడలు ఒక సాక్ష్యం.

అదే లెక్క, అటువైపు

ర్యూజో కథ అక్కడితో అయిపోలేదు. జూన్ మొదట్లో ఉత్తరాన అలూషియన్ దీవుల దగ్గర డచ్ హార్బర్ మీద దాడికి వెళ్ళింది. ఆ దాడిలో దాని జీరో ఒకటి దెబ్బతిని, అకుటాన్ అనే దీవిలో గట్టినేల అనుకుని బురదలో దిగి తలకిందులైంది. పైలట్ తదయోషి కోగా చనిపోయాడు, విమానం దాదాపు చెక్కుచెదరలేదు. జులైలో అమెరికన్లు దాన్ని కనుక్కుని, బాగుచేసి, సెప్టెంబరుకల్లా శాన్ డియేగోలో ఎగరేసి చూశారు. జీరో బలహీనతలు వాళ్ళకి చేతికందాయి. ఒక్క ఫైటర్ పోవడం ఎంత నష్టమో ఏ శాతమూ చెప్పలేదు.

ఆగస్టు 24న తూర్పు సోలమన్ దీవుల యుద్ధం. ర్యూజోని కొద్దిపాటి తోడుతో విడిగా ముందుకి పంపారు. అమెరికన్లకి ఎరగానే పంపారని కొందరు చరిత్రకారులంటారు. గ్వాడల్‌కెనాల్ ఎయిర్‌ఫీల్డ్ మీదికి అది పంపింది ఆరు బాంబర్లు, వాటికి తోడు పదిహేను జీరోలు. తన దగ్గరున్న ఫైటర్లలో సగానికి మించి. అదే మధ్యాహ్నం సారటోగా క్యారియర్ నుంచి ముప్పైకి పైగా డైవ్ బాంబర్లు, టార్పెడో విమానాలు ర్యూజో మీదికొచ్చాయి. మిగిలిన కొద్ది జీరోలు ఆపలేకపోయాయి. సాయంత్రానికి ఓడ మునిగింది. దాడికి వెళ్ళిన విమానాలు తిరిగొచ్చేసరికి దిగడానికి డెక్కు లేదు, నీళ్ళల్లోనే దిగాల్సి వచ్చింది.

విశాఖ మీద సున్నా ఉందని ధైర్యంగా వచ్చిన ఓడ, నాలుగున్నర నెలల తర్వాత తన నెత్తి మీద తగినన్ని లేక మునిగింది. దీన్ని కర్మ అనడం సులువు. మా అమ్మమ్మైతే అనేది కూడా. నాకు మాత్రం ఇది కర్మకన్నా కఠినమైన విషయంలా కనబడుతుంది. చాలని దాన్ని పంచుకునేవాళ్ళు ఎవరైనా ఎక్కడో ఒకచోట సున్నా వదలక తప్పదు. బలవంతుడు ఆ సున్నాని ఇంకొకరి ఊరి మీదికి తోయగలడు, తోయగలిగినన్నాళ్ళు.

ఆ లెక్కని మార్చిన పద్ధతులూ ఉన్నాయి. మే నెలలో కోరల్ సీ యుద్ధంలో జుయికాకుకి ఒక్క బాంబూ తగల్లేదు. కానీ దాని విమానాలూ పైలట్లూ బాగా నష్టపోయారు. జపాన్ పద్ధతిలో గ్రూపు ఓడది, ఓడ గ్రూపుది. కొత్త గ్రూపు తయారయ్యేదాకా ఓడ ఇంట్లోనే. చెక్కుచెదరని క్యారియర్ మిడ్వేకి వెళ్ళలేదు. అదే యుద్ధంలో బాంబు తిన్న యార్క్‌టౌన్‌ని అమెరికన్లు పెర్ల్ హార్బర్‌లో మూడు రోజుల్లో అతుకులేసి, సారటోగా స్క్వాడ్రన్లని ఎక్కించి మిడ్వేకి పంపేశారు. ఎవరి ఓడైతేనేం, ఎవరి పైలట్లైతేనేం. సాఫ్ట్‌వేర్ టీముల్లో పనిచేసేవాళ్ళకి ఈ రెండు పద్ధతులూ బాగా తెలుసు.

ఫైటర్ల సంఖ్యా మారుతూ వచ్చింది. యుద్ధం మొదట్లో అమెరికన్ క్యారియర్ మీద ఫైటర్లు 18. రెక్కలు మడిచే నమూనా రాగానే మిడ్వే నాటికి 27. ఆగస్టుకి 36. ఆత్మాహుతి విమానాలు మొదలయ్యాక 1944 చివర్లో ఎసెక్స్ తరగతి క్యారియర్‌కి 73 కేటాయించారు, బాంబర్లని తగ్గించి మరీ. కాపలా ఖరీదు మూడేళ్ళలో నాలుగింతలు.

మళ్ళీ విశాఖ, ఈసారి వెండితెర

విశాఖ తీరంలో క్యారియర్ కథ ఇంకోటి ఉంది, అది మా వీధికి బాగా తెలిసిన కథ. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, విక్రాంత్‌ని వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చి డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాల కథలు వేరు. సంకల్ప్ రెడ్డి 2017లో తీసిన 'ఘాజీ' దీని మీదే, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. సినిమా దాదాపు అంతా జలాంతర్గామి లోపలే. ఇరుకు గది, చెమట, ముగ్గురు అధికారుల మధ్య పేచీ. బాగా తీశారు. రెండో ప్రపంచ యుద్ధానికైతే క్రిష్ 'కంచె' (2015) మనల్ని ఇటలీ దాకా తీసుకెళ్ళింది.

'ఘాజీ'లో విక్రాంత్ కాపాడాల్సిన ఒక వస్తువు. అసలు విక్రాంత్ కథ సినిమాకి లొంగదు, ఎందుకంటే అందులో హీరో ఒక సర్దుబాటు. ఓడకున్న నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్ళు ఇచ్చింది. క్యారియర్ వేగంగా పోతేనే డెక్కు మీద ఎదురుగాలి దొరికి విమానాలు లేస్తాయి. వేగం తగ్గితే సీ హాక్ ఫైటర్లు బరువుతో లేవడం కష్టం. అలాంటి ఓడని పశ్చిమాన పెట్టకుండా తూర్పున పెట్టారు, అక్కడ ఎదిరించే బలం తక్కువ గనక. విశాఖలో ఉంచకుండా అండమాన్ దాకా పంపి దాచారు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, విక్రాంత్ ఇంకా విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత దొంగ సందేశాలు పంపించాడు. డిసెంబరు 4న సీ హాక్‌లు కాక్స్ బజార్ మీదా చిట్టగాంగ్ మీదా పడ్డాయి. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న కొద్దిపాటి శత్రు ఫైటర్ల పని మన వాయుసేన కొద్దిరోజుల్లోనే పట్టడంతో, విక్రాంత్ తన సీ హాక్‌లని నిశ్చింతగా దాడికి వాడుకోగలిగింది. 1942లో ర్యూజోకి దొరికిన వెసులుబాటే, ఈసారి మన చేతిలో.

స్క్రిప్టు రాసే ఒక మిత్రుడికి ఈ బాయిలర్ సంగతి, శాతాల సంగతి చెప్పాను. "బావుంది భయ్యా, కానీ ఇందులో ఇంటర్వెల్ ఎక్కడ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కేటాయింపుకి ఇంటర్వెల్ ఉండదు. మీటింగులో ఒకరు ఒక అంకె వేస్తారు, ఇంకొకరు తలూపుతారు. నెలల తర్వాత ఎక్కడో ఆకాశం ఖాళీగా ఉంటుంది. మన యుద్ధ సినిమాలూ, చాలావరకు మన యుద్ధ చరిత్రలూ ఆకాశంలో ఉన్నవాళ్ళ గురించి చెబుతాయి. లేనివాళ్ళ గురించి చెప్పాలంటే అంకె వేసిన గదిలోకి వెళ్ళాలి.

ఆ పని ఈ ముతక ఆట చేయించింది. అది విశాఖ జనాన్ని లెక్కపెట్టదు, ఆ లోపం చిన్నది కాదు. కానీ అది నన్ను ఒజావా కుర్చీలోనూ, సోమర్‌విల్ కుర్చీలోనూ కూర్చోబెట్టి, రెండు చోట్లా అదే వంద శాతాన్ని చేతికిచ్చింది. ఇప్పుడు విశాఖ మ్యూజియంలో ఆ బాంబు పక్కన నిలబడే పిల్లలకి ఎవరైనా కథ చెబితే, 'జపాన్ వాళ్ళు వేశారు' అన్న వాక్యం తర్వాత ఇంకో వాక్యం కూడా చెప్పాలనుకుంటాను: ఆ రోజు పైన మనవి ఎందుకు లేవంటే, అవి ఇంకోచోట ఉండాలని ఎవరో అనుకున్నారు.